రోహిణికీ మృగశిరకీ తేడా సున్నా

మృగశిర, 2వ రోజు

తేడాల విభాగం దినచర్యలో విభాగానికి సంబంధించిన విషయాలే రాయాలని నియమం. విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే. కాబట్టి ముక్కామల హైమవతి అనే నాకు సంబంధించినవన్నీ విభాగానికి సంబంధించినవే అని ఎనిమిదేళ్ళ క్రితమే తీర్మానించుకున్నాను.

పొద్దున్న సొరంగం గుమ్మం దగ్గర బూట్లు దులిపే బ్రష్ మళ్ళీ తిరగలేదు. చేత్తోనే దులుపుకున్నాను. ఈ కుజుడి మీద గోరింటాకు పెట్టుకోకుండానే అందరి గోళ్ళూ ఎర్రగా ఉంటాయి.

నిన్న మృగశిర విడుదలైంది. ఊరంతటికీ కోడ్ ఒక్కటే. గాలి, నీళ్ళు, తలుపులు, వంట, అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. నెలకోసారి మార్పులన్నీ కలిపి కొత్త వెర్షన్ తీసి, దానికి ఒక నక్షత్రం పేరుతో ట్యాగ్ తగిలించి, ఊళ్ళో ఉన్న ప్రతి యంత్రంలోకీ ఎక్కిస్తారు. పోయిన నెలది రోహిణి, ఈ నెలది మృగశిర. ఆ రెండు ట్యాగులనీ పక్కపక్కన పెట్టి ఏ లైను మారింది, ఎందుకు మారింది, ఎవరు అడిగితే మారింది అన్నది మామూలు తెలుగులో రాసి క్యాంటీన్ గోడకి అంటించడం నా పని. దాన్ని తేడాపత్రం అంటారు. దాన్ని చదివేవాళ్ళకంటే చట్నీ చేతులు తుడుచుకునేవాళ్ళే ఎక్కువ.

ఈసారి పోల్చి చూస్తే తేడా సున్నా వచ్చింది. ఒక్క అక్షరం మారలేదు. "తేడా లేదు" అని రాసి, సంతకం పెట్టి, పది నిమిషాల్లో గోడకి అంటించేశాను. మిగిలిన పూటంతా చిరిగిన మేజోళ్ళు కుట్టుకున్నాను.

ఇంకో శుభవార్త కూడా ఉంది. నాది ఆరో వరస, పద్నాలుగో గది. రెండేళ్ళుగా అందులో ఉడికిపోతున్నాను. నిన్నటి నించి హాయిగా, చల్లగా ఉంది. రాకరాక రెండు దుప్పట్లు కప్పుకునే యోగం పట్టింది. నా ఫిర్యాదులు ఎవరో పుణ్యాత్ములు చదివినట్టున్నారు.

మృగశిర, 4వ రోజు

క్యాంటీన్‌లో ఇడ్లీ రాయిలా ఉంది. మాటవరసకి అనడం లేదు. నా పక్కన కూర్చున్న పంపుల మేస్త్రీ దాన్ని బల్ల మీద కొట్టి చూపించాడు. బల్లే సొట్టపోయింది.

మూడు వందల పది మంది ఉన్న ఊరు మాది. బయట గాలి లేదు, చెట్టు లేదు, చూడ్డానికి పోదామంటే ఇంకో ఊరు లేదు. పొద్దున్న లేవడానికి మాకున్న ఒకే ఒక్క కారణం ఇడ్లీ. గాజు సొరంగంలో పండించిన మినుములతో దస్తగిరన్న ఇరవై ఆరేళ్ళుగా ఆ పిండి పులియబెడుతున్నాడు. ఆయనది కడప వైపు కుటుంబం. అరవై రెండేళ్ళ మనిషి, మెడకి ఎప్పుడూ ఒక ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉంటాడు.

ఈ రోజు జనం వరసలో నిలబడి ఆయన్ని ఏమీ అనలేదు. అదే ఘోరంగా అనిపించింది. తిట్టి ఉంటే ఆయన కూడా రెండు తిట్టి తేలికపడేవాడు. అందరూ తలొంచుకుని పళ్ళెం తీసుకుని, మర్యాదగా సగం వదిలేసి వెళ్ళిపోయారు.

"పిండి పొంగల్యా హైమమ్మా," అన్నాడు నా పళ్ళెంలో వడ్డిస్తూ. "నాలుగు దినాలాయె. అదే పప్పు, అదే నీళ్ళు, అదే చెయ్యి. నాకేం అర్థం కావడం ల్యా."

"ఒక్కోసారి అలా అవుతుంది అన్నా. రేపటికి సర్దుకుంటుంది," అన్నాను. ఏమీ తెలియనప్పుడు అందరూ చెప్పేది నేనూ చెప్పాను.

ఆఫీసుకి వచ్చేసరికి ఎదురు బల్ల దగ్గర త్రివిక్రమ్ గారు టిఫిన్ డబ్బా విప్పుతున్నారు. ఆయన విడుదలల అధికారి. ట్యాగులు తగిలించే అధికారం ఊళ్ళో ఆయనొక్కరికే ఉంది. డబ్బాలో మూడు ఇడ్లీలు ఉన్నాయి. తెల్లగా, బుగ్గలు ఉబ్బించుకుని, చెంచా తగిలితే ఊగుతున్నాయి. నోట్లో నీళ్ళూరాయి. అధికారుల అదృష్టమే వేరని కుళ్ళుకున్నాను. అంతకంటే ముందుకి ఆలోచించలేదు. కడుపు మండుతున్నప్పుడు నా బుర్ర పనిచెయ్యదు.

మృగశిర, 6వ రోజు

క్యాంటీన్ గోడకి రెండు కాగితాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నా తేడాపత్రం. రెండోది ఊరి కమిటీ నోటీసు.

నోటీసులో ఉన్నదిది. ఇడ్లీ విషయమై విచారణ జరిపాం. కోడ్‌లో ఏ మార్పూ లేదని తేడాల విభాగం ధ్రువీకరించింది. పిండి గదిలో పచ్చ లైటు వెలుగుతోంది, అంటే ఉష్ణోగ్రత సరిగానే ఉంది. కాబట్టి లోపం వంటవారిది. పన్నెండో రోజు కమిటీ ముందు ఆయన సంజాయిషీ ఇచ్చుకోవాలి. అది సరిగా లేకపోతే ఆయనను దుమ్ము జల్లెడల విభాగానికి మారుస్తాం.

దుమ్ము జల్లెడలంటే ఊరి అడుగున గొట్టాల మధ్య దూరి, గాలి వడగట్టే వలలని చేత్తో దులిపే పని. అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. పాతికేళ్ళవాళ్ళే నెలకి మించి ఉండలేక సెలవు పెడతారు.

మధ్యాహ్నం దస్తగిరన్న మా ఆఫీసుకి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ లేక చొక్కాకే తుడుచుకున్నాడు.

"కూర్చో అన్నా."

"కూర్చునేదానికి రాలా మ్మా. ఒక్క మాట అడిగిపోదామని వచ్చినా. ఆ కాగితం నువ్వే రాసినావంట కదా?"

"నేనే."

"నువ్వు రాసినావంటే నిజమే ఉంటాది. నువ్వు అబద్ధం రాసే మనిషివి కాదు." తన కాళ్ళ వంక చూసుకున్నాడు. "అయితే మ్మా, ఆ పిండి గది చలిగా ఉండాది. పచ్చ లైటు ఉంటే ఉండనీ. ఇరవై ఆరేండ్లు ఆ గదిలో నిలబడిన కాళ్ళివి. వాటికి తెల్దా? చెప్తే, నీకు వయసైపోయింది, ముసలోళ్ళకి అన్నీ చలే అంటాండారు. నిజంగా నాకే చలేమో. ఏమో మ్మా, నా మీద నాకే అనుమానం వస్తాంది."

ఆ ఆఖరి మాట నన్ను పొడిచింది. ఇంతకాలంలో ఆయన తన పిండిని అనుమానించడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ అనుమానం పుట్టించింది నా సంతకం.

"ఇంకోసారి చూస్తాను అన్నా," అన్నాను.

మృగశిర, 7వ రోజు

ఇంకోసారి చూశాను. రోహిణి, మృగశిర. తేడా సున్నా. ఇంకోసారి చూశాను. సున్నా. యంత్రానికి విసుగొచ్చిందేమో, మూడోసారి జవాబు కూడా ఆలస్యంగా ఇచ్చింది.

అప్పుడు నా బుర్రకి తట్టాల్సిన ప్రశ్న తట్టింది. కోడ్ రాసే విభాగంలో పదకొండు మంది ఉన్నారు. వాళ్ళు నెలంతా ఏం చేసినట్టు? ఎనిమిదేళ్ళలో ఏ రెండు ట్యాగుల మధ్యా నలభై లైన్లకి తక్కువ తేడా రాలేదు. ఏమీ తోచని నెలలో కూడా ఎవరో ఒకరు ఒక కామా తీసి, ఇంకొకరు దాన్ని మళ్ళీ పెడతారు. పదకొండు మంది మనుషులు కూర్చుని సున్నా సాధించడం అసాధ్యం. రెండో రోజునే ఈ మాట తట్టాల్సింది. తొందరగా పని అయిపోయిందన్న సంతోషంలో మేజోళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాను.

ప్రతి వెర్షన్‌కీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. మనిషికి వేలిముద్ర ఎలాంటిదో కోడ్‌కి అది అలాంటిది. ఏ రెండు వెర్షన్లకీ ఒకటే ఉండదు. ఎప్పుడూ పేర్లతోనే పని జరిగిపోతుంది కాబట్టి నేను దాని జోలికి వెళ్ళను. ఈ రోజు వెళ్ళాను.

రోహిణి వేలిముద్ర, మృగశిర వేలిముద్ర ఒక్కటే.

ఇన్ని రోజులుగా నేను పోల్చింది ఒకే మనిషిని. మెడలో రెండు పేర్ల పలకలు వేసుకుని నిలబడ్డాడు. వీడికీ వీడికీ తేడా ఏమిటని అడిగితే, లేదనే చెప్పాడు. అందులో యంత్రం తప్పేమీ లేదు.

మృగశిర, 8వ రోజు

త్రివిక్రమ్ గారిని నిలదీశాను. నిలదీయడమంటే, ఆయన ఇడ్లీ నమలడం పూర్తయ్యేదాకా ఆగి, మర్యాదగా అడిగాను. పై అధికారి కదా.

"సార్, రోహిణి ట్యాగ్ కదిలిందా?"

ఆయన మూతి తుడుచుకున్నారు. "కదలడం ఏమిటండీ? సర్దాను."

"సర్దారా?"

"ఎప్పుడూ సర్దుతూనే ఉంటాం కదండీ హైమవతి గారూ. మీకు తెలియందేముంది?"

నాకు తెలియదు. కొంత తెలుసు. ట్యాగ్ ముహూర్తానికే తగిలించాలన్నది ఈ ఊరి ఆచారం. ముహూర్తం పెట్టడమే ఇక్కడ పెద్ద గొడవ. కుజుడి మీద రోజు భూమి రోజుకంటే సుమారు నలభై నిమిషాలు పెద్దది. ఆ నలభై నిమిషాలు ఏ పంచాంగంలోనూ లేవు. అవి శుభమా అశుభమా అని రెండు వర్గాలు ఇరవై ఏళ్ళుగా మాట్లాడుకోవడం మానేశాయి. ఎలాగో ఒక ముహూర్తం ఖాయమయ్యాక దాన్ని మార్చడమన్నది ఉండదు. ఆ ఘడియకి కొబ్బరికాయ ఆకారంలో గడ్డకట్టించిన మంచుముక్కని కొట్టి, త్రివిక్రమ్ గారు మీట నొక్కి ట్యాగ్ తగిలిస్తారు. ఇంతవరకూ ఊరందరికీ తెలుసు.

ముహూర్తం వేళకి కోడ్ ఎప్పుడూ పూర్తికాదని మాత్రం నాకు తెలియదు.

"మరేం చెయ్యమంటారు?" అన్నారాయన. "ఘడియ దాటిపోకూడదు. అప్పటికి ఏది ఉంటే దానికే పేరు తగిలించి యంత్రాలకి ఎక్కించేస్తాం. తర్వాత మిగిలిన పనులు పూర్తవుతాయి. అప్పుడు ఆ పేరు తీసి, పూర్తయినదాని మీద పెడతాం. రోహిణిలో చేస్తామని కమిటీకి మాటిచ్చిన పనులు రోహిణిలోనే అయినట్టు కనిపించాలి కదా! మామూలుగా మూడు రోజుల్లో సర్దేస్తాను. ఈసారి వీలుకాలేదు. మృగశిర ముహూర్తానికి గంట ముందు సర్దాను. ఆ గంటలో కొత్త పనేమీ జరగలేదు. అందుకని మృగశిర కూడా అక్కడే పడింది."

"అంటే నెల రోజుల మార్పులన్నీ సార్..."

"రోహిణి కిందికి వెళ్ళిపోయాయి."

"కానీ నెలంతా వంటగది నడిచింది పాత రోహిణి మీద. ఇప్పుడు నడుస్తోంది కొత్తదాని మీద. మధ్యలో ఏం మారిందో ఎవరికీ కనబడదు."

"అలా చూస్తే అంతేననుకోండి," అన్నారు. ఆయన ముఖంలో దొంగతనం ఏమీ లేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. ఇంటి గోడకున్న బొమ్మని కాస్త పక్కకి జరిపినట్టే చెబుతున్నారు. "అయినా ఇడ్లీకీ దీనికీ ఏమిటండీ సంబంధం? దస్తగిరి పెద్దవాడైపోయాడు, పాపం."

పాత వెర్షన్లన్నీ కొట్లో భద్రంగానే ఉన్నాయి, ఈ ఒక్క నెలవే రెండు వందల పదమూడు. కానీ కమిటీ నియమం ప్రకారం పేరున్న వెర్షన్లనే పోల్చాలి. పేరు లేనిది చిత్తుప్రతి కింద లెక్క, సాక్ష్యానికి పనికిరాదు. ఒకప్పుడు ఈ నియమం కోసం గట్టిగా వాదించి నెగ్గింది నేనే. ఆ రోజు నా ఉపన్యాసానికి చప్పట్లు కూడా కొట్టారు.

మృగశిర, 9వ రోజు

ఆశ ఒకటే ఉంది. ఒకసారి ఒక ట్యాగ్ అందుకున్న యంత్రం, అదే పేరు ఇంకోచోటికి కదిలినా పట్టించుకోదు. తన దగ్గరున్న పేరుని తను మొదట చూసిన చోటే పెట్టుకుంటుంది. మొండితనం దాని స్వభావం. కాబట్టి రోహిణిని మొదటి రోజు అందుకుని, మృగశిరని ఇంకా ఎక్కించుకోని యంత్రం ఊళ్ళో ఒక్కటి దొరికినా చాలు. అందులో రోహిణి అసలు చోటే ఉంటుంది.

దొరకలేదు. విడుదల రోజున ప్రతి యంత్రాన్నీ శుభ్రంగా తుడిచి కొత్తది ఎక్కిస్తారు. వంటగది, చాకిరేవు, మంచు కరిగించే బాయిలరు, క్షవరం కుర్చీ, అన్నీ చూశాను. క్షవరం కుర్చీ దగ్గర వెనక పలక ఊడదీసి చూస్తుంటే అది నన్ను కస్టమర్ అనుకుని చెవి పక్కన ఒక పట్టీ జుట్టు గొరిగేసింది. ఎడమ వైపు కొంగు కప్పుకుని తిరుగుతున్నాను.

సాయంత్రం టిఫిన్‌కి క్యాంటీన్‌కి వెళ్ళాను. దస్తగిరన్న పిండి రుబ్బి చిన్న చిన్న డబ్బాల్లో పోస్తున్నాడు.

"ఇవి ఎవరికన్నా?"

"ఆఫీసర్ల క్వార్టర్లకి మ్మా. ఆరుగురు ఆఫీసర్లకి ఇండ్లల్లో పిండి గూళ్ళు ఉండాయి కదా. పచ్చి పిండి ఈడినుంచే పోతాది. ఆడ వాళ్ళే పొంగించుకుంటారు. ఇప్పుడు వాళ్ళూ తిట్టుకుంటాండారు, నీ పిండి చచ్చిపోయిందని. అయిదుగురు డబ్బాలు వాపసు పంపించినారు."

"అయిదుగురేనా? ఆరో ఆయన?"

"త్రివిక్రమ్ సార్ పంపలా. ఆయన ఇంకో డబ్బా ఎక్కువ ఇయ్యమన్నాడు."

చేతిలో ఇడ్లీ అలాగే వదిలేసి పరిగెత్తాను.

మృగశిర, 10వ రోజు

త్రివిక్రమ్ గారు డ్యూటీలో ఉన్నప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య సత్యవాణి గారు తలుపు తీశారు. మాట్లాడేవాళ్ళు దొరక్క మొహం వాచిపోయి ఉన్నారు.

"రండి రండి, ముందు ఆ దుమ్ము దులుపుకోండి. అయ్యో, మీ జుట్టుకేమయింది?"

"పెద్ద కథ లెండి. మీ ఇంట్లో ఇడ్లీ బాగా పొంగుతోందని విన్నాను."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి గోడలో గూడు తెరిచి చూపించారు. పిండి గిన్నె మూతని ఎత్తుకుని బయటికి చూస్తోంది. గూటిలో చెయ్యి పెట్టాను, వెచ్చగా ఉంది. అది దస్తగిరన్న పిండే. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"మీకు మాత్రం ఎలా పొంగుతోందండీ?"

"ఏమో మరి, అందరూ అదే అడుగుతున్నారు. నా చేతి చలవ అంటున్నారు ఈయన."

"ఈ గోడ యంత్రానికి మృగశిర ఎక్కించారా?"

"ఇంకా లేదండీ. మూఢం కదా!"

"మూఢమా?"

"శుక్ర మూఢమి. అది పోయేదాకా ఇంట్లో కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దన్నారు. శుక్రుడు ఇక్కణ్ణించి చూస్తే శుభ్రంగా కనబడుతున్నాడు కదండీ అన్నాను. మూఢం భూమి లెక్కలోనే చూడాలట."

"మరి ఊరికంతా ఎక్కించారు కదా?"

"ఊరికి మూఢం లేదట. ఇంటికే ఉంటుందట." ఆవిడ గొంతు తగ్గించారు. "నాకూ అర్థం కాలేదు లెండి. నలభై ఏళ్ళుగా అర్థం కాలేదు."

గోడ యంత్రానికి నా ట్యాబ్లెట్ పలక తగిలించాను. ప్రతి యంత్రంలోనూ ఊరి కోడ్ మొత్తం ఉంటుంది, ఎవరికి కావలసిన భాగం వాళ్ళు నడుపుకుంటారు. రోహిణి వేలిముద్ర అడిగాను. వేరే సంఖ్య వచ్చింది. త్రివిక్రమ్ గారి స్వహస్తాలతో, ముహూర్తం ఘడియకి, మంచు కొబ్బరికాయ సాక్షిగా తగిలిన అసలు రోహిణి అది.

సత్యవాణి గారు నాలుగు ఇడ్లీలు పెట్టారు. ఆరు తిన్నాను.

మృగశిర, 11వ రోజు

పొద్దున్నే ఆఫీసు తలుపేసుకుని అసలు రోహిణినీ మృగశిరనీ పక్కపక్కన పెట్టాను. తొంభై రెండు తేడాలు వచ్చాయి. ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళాను. బూట్ల బ్రష్ వేగం పెంచబోయి ఆపేశారు. అయిదో సొరంగం తలుపు ఇకమీదట రెండుసార్లు మోగుతుంది. డెబ్భై ఒకటో తేడా దగ్గర ఆగాను.

పిండి గదులు, గూళ్ళు, అన్నిటి ఉష్ణోగ్రత: పాతది ముప్ఫై రెండు, కొత్తది ఇరవై మూడు.

కుర్చీలోంచి లేచి గంతేశాను. దస్తగిరన్న కాళ్ళు నిజం చెప్పాయి. పచ్చ లైటు వెలిగేది ఆజ్ఞ ప్రకారం ఉష్ణోగ్రత ఉన్నప్పుడు. ఆజ్ఞే మారిపోతే లైటు పచ్చగా ఉండక ఏం చేస్తుంది?

తర్వాత, అలవాటు కొద్దీ, ఎందుకు మారింది అన్న గడి చదివాను. కోడ్ రాసేవాళ్ళలో ఎవరో ఇలా రాశారు: "ఆరో వరసలో వేడి ఎక్కువగా ఉందని ఫిర్యాదు. కారణం వెతికాం. కిందనున్న పిండి గది. అన్ని పిండి గదులకీ కలిపి ఒకటే లైను ఉంది. ఆ లైను మార్చాం."

ఎవరు అడిగితే మారింది అన్న గడిలో ఫిర్యాదుని యథాతథంగా దించారు. పదకొండో ఫిర్యాదు అది.

"ఇది గదా, ఇడ్లీ పాత్రా? నన్ను ఇందులో పెట్టి ఇరవై నిమిషాల తర్వాత మూత తీసి చూడండి, ఉడికి ఉంటాను. మీలో ఎవరికైనా సిగ్గుంటే ఈ వేడి తగ్గించండి. ముక్కామల హైమవతి, ఆరో వరస, పద్నాలుగో గది."

పది రోజులుగా ఆ చల్లదనంలో రెండు దుప్పట్లు కప్పుకుని సుఖంగా పడుకున్నాను. నా కింద గదిలో ఆ మనిషి చలికి వణుకుతూ, తన చెయ్యే చచ్చిపోయిందనుకుంటూ నిలబడ్డాడు. సిగ్గుంటే అని రాశాను కదా, ఆ సిగ్గు ఇప్పుడు నాకే వచ్చింది.

త్రివిక్రమ్ గారు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చారు. సత్యవాణి గారు అన్నీ చెప్పేసినట్టున్నారు. నా పలక మీద ఉన్నదంతా చదివి, ఆఖరి గడి దగ్గర ఆయన కూడా ఆగారు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"హైమవతి గారూ, ఎవరు అడిగారో రాయడం తప్పనిసరేం కాదు. తెలియదు అని రాయొచ్చు. నియమం ఒప్పుకుంటుంది."

"తెలుసు సార్."

"అలాగే ట్యాగ్ సర్దిన సంగతి కూడా... ఏదో పొరపాటున అని ఒక్క ముక్క రాసేస్తే సరిపోతుంది. ఉష్ణోగ్రత మళ్ళీ ముప్ఫై రెండు చేసేస్తాం. దస్తగిరి ఇడ్లీలు దస్తగిరివి, మన పరువు మనది."

నిజం చెప్పాలంటే ఆ మాట తియ్యగానే వినబడింది. ఊరంతా నన్ను చూసి నవ్వడం నాకిష్టం లేదు. చెవి పక్కన జుట్టు కూడా లేదు. ఆలోచించి చెబుతానన్నాను.

మృగశిర, 12వ రోజు

విచారణ క్యాంటీన్‌లోనే జరిగింది. ఊరంతా వచ్చింది. కమిటీ అధ్యక్షురాలు వరూధిని గారు బల్ల మీద ఆ రోజు ఇడ్లీని సాక్ష్యంగా పెట్టించారు. దస్తగిరన్న ఉతికిన చొక్కా వేసుకుని, మెడగుడ్డ సరిచేసుకుని నిలబడ్డాడు.

"సంజాయిషీ చెప్పండి," అన్నారావిడ.

"నాకు చెప్పేదానికి ఏం లేదు మ్మా," అన్నాడు. "కాగితం మీద తేడా లేదని ఉండాది. తేడా నాలోనే ఉంటాది. జల్లెడల కాడికి పొమ్మంటే పోతా. ఒక్కటే అడుగుతా. ఆ పాత పులుపు పిండి రోంత తీసి పెట్టినా. దాన్ని పారేయొద్దు. తర్వాత వచ్చేటోళ్ళకి పనికొస్తాది."

రాత్రంతా కూర్చుని ఆలోచించాల్సినదంతా నాకు ఆ ఒక్క క్షణంలో తేలిపోయింది. లేచి నిలబడ్డాను.

"ఆ కాగితం తప్పు," అన్నాను. "నేనే రాశాను, నేనే మారుస్తాను."

కొత్త తేడాపత్రం చదివాను. రోహిణి ట్యాగ్ ఎలా కదిలిందో చెప్పాను. త్రివిక్రమ్ గారు పైకప్పు వైపు చూశారు. అసలు రోహిణి ఎక్కడ దొరికిందో చెప్పాను. సత్యవాణి గారు వెనక వరస నించి గర్వంగా చెయ్యి ఊపారు. డెబ్భై ఒకటో తేడా చదివాను. ముప్ఫై రెండు, ఇరవై మూడు. హాలంతా ఒక్కసారి హోరెత్తింది.

"ఎవరు అడిగితే మార్చారది?" అన్నారు వరూధిని గారు.

తెలియదు అనడానికి నియమం ఒప్పుకుంటుంది. నోరు ఒప్పుకోలేదు. ఫిర్యాదు మొత్తం, ఇడ్లీ పాత్రతో సహా, నా పేరుతో సహా గట్టిగా చదివాను. "సిగ్గుంటే" అన్న ముక్క కూడా వదల్లేదు.

ముందు పంపుల మేస్త్రీ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు మూడు వందల పది మందికీ పాకింది. వరూధిని గారు సాక్ష్యం ఇడ్లీతో బల్ల మీద కొట్టినా ఆగలేదు. నేను తలొంచుకుని నిలబడ్డాను.

దస్తగిరన్న మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చాడు.

"అయితే మ్మా," అన్నాడు నెమ్మదిగా, "నిజంగానే ఆ గది చలిగా ఉండిందా?"

"ఉంది అన్నా. తొమ్మిది డిగ్రీలు తగ్గింది."

ఆయన తన రెండు చేతులూ పైకెత్తి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. అప్పుడు నవ్వాడు.

మృగశిర, 15వ రోజు

ఇడ్లీ పొంగింది. పళ్ళాలు నాకేసి మరీ ఇస్తున్నారట, కడగడానికి నీళ్ళు ఆదా అవుతున్నాయి.

నా గది మళ్ళీ ముప్ఫై పైకి పోయింది. పన్నెండో ఫిర్యాదు రాయలేదు.

మధ్యాహ్నం దస్తగిరన్న నాకు ఒక పళ్ళెం తెచ్చి గది గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపలికొచ్చి గోడ తట్టి చూశాడు. నేల మీద చెప్పులు విప్పి, కాళ్ళు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇంత వెచ్చటి గదిలో ఉంటూ పదకొండు కాగితాలు రాసినావా మ్మా?"

"ఉడికిపోతున్నాను అన్నా."

"నాది పదకొండో వరస. మంచు కొట్టు పక్కన. పదేండ్లుగా మేజోళ్ళ మీద మేజోళ్ళేసుకుని పండుకుంటాండా." మెడగుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆ మెడని నేను చూడటం అదే మొదటిసారి. "మార్చుకుందామా?"

సాయంత్రానికి మార్చుకున్నాం. నా సామాను రెండు పెట్టెలు. ఆయనది ఒక పెట్టె, పులుపు పిండి జాడీ.

ఆరుద్ర, 3వ రోజు

ఆరుద్ర ముహూర్తానికి కోడ్ పూర్తి కాలేదు. కమిటీ కొత్త నియమం ప్రకారం ఒకసారి తగిలించిన ట్యాగ్ కదలకూడదు. త్రివిక్రమ్ గారు బరువెక్కిన గుండెతో మంచు కొబ్బరికాయ కొట్టి, అసంపూర్తి దానికే ఆరుద్ర తగిలించారు. తేడాపత్రంలో ఉన్నదున్నట్టు రాశాను: తేడాలు ముప్ఫై ఒకటి, వాటిలో నాలుగు పనిచెయ్యవు, బూట్ల బ్రష్ వాటిలో ఒకటి. జనం మొదటిసారి గుంపుగా నిలబడి చదివారు. చేతులు ఎవరూ తుడుచుకోలేదు.

పత్రం అంటించి వచ్చేసరికి బల్ల మీద కొత్త ఫిర్యాదు ఉంది. వంకర టింకర అక్షరాలు.

"ఆరో వరస, పద్నాలుగో గది. బాగానే ఉండాది. అయితే తెల్లవారుజామున రోంత చలి పెడతాంది. ఇంకో నాలుగు డిగ్రీలు పెంచితే మేలు. దస్తగిరి."

కాగితం పట్టుకుని క్యాంటీన్‌కి ఒక్క పరుగున వెళ్ళాను.

"అన్నా! ఆ గదికి వేడి పెంచాలంటే కింద పిండి గదికి పెంచాలి. లైను ఒక్కటే. పిండి పులిసి పుల్లనీళ్ళయిపోతుంది!"

గరిటె పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించాడు. తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి పొయ్యి కింద దోపాడు.

"నువ్వు దీన్ని చూళ్ళేదు మ్మా."

"చూళ్ళేదు అన్నా."

పదకొండో వరసలో చలి నిజంగానే గట్టిది. అయినా నాకున్న రెండు దుప్పట్లలో ఒకటి మడిచి, సాయంత్రం ఆయన గదిలో పెట్టి వచ్చాను. తేడాపత్రంలో రాయలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ గడి నింపడం కుదరలేదు.